తోక చూసి దొంగను పోల్చుకోండి

మొన్న సెలవు రోజున మేం నలుగురు క్లర్కులం, క్యాంపు మిత్రులతో కలిసి ఫుజైరా సముద్రం ఒడ్డుకు వెళ్లాం. టెర్న్ అనే తెల్లటి నీటిపిట్ట ఒకటి ముక్కున చేపతో వస్తోంది. ఎక్కడినుంచో ఓ గోధుమరంగు పక్షి వచ్చి దాని వెంటపడింది. పిట్ట ఎన్ని మలుపులు తిరిగినా వదల్లేదు. చివరికి పిట్ట చేపను జారవిడిచింది. అది నీళ్లలో పడేలోపే దొంగ అందుకుంది.

"అన్నా, అది గద్దేనా?" అని ఓ తమ్ముడు అడిగాడు. గద్ద కాదు, స్కువా.

వలస కాలంలో ఈ తీరం మీదుగా రెండు రకాల స్కువాలు పోతుంటాయి. ఒకటి ఆర్కిటిక్ స్కువా, రెండోది పొమరైన్ స్కువా. రెంటిలోనూ పొట్ట తెల్లగా ఉండేవీ ఉన్నాయి, ఒళ్లంతా ముదురు గోధుమరంగు ఉండేవీ ఉన్నాయి. కనుక రంగును నమ్మొద్దు, తోక చూడండి. మధ్య ఈకలు సూదుల్లా ఉంటే ఆర్కిటిక్. చివర గరిటెలా వెడల్పై మెలితిరిగి ఉంటే పొమరైన్. ఆ ఈకలు రాలిపోయి ఉంటే ఒళ్లు చూడాలి. పొమరైన్ సుమారు 700 గ్రాములు, బరువైన ఛాతీ. ఆర్కిటిక్ సుమారు 450 గ్రాములే, చురుకు ఎక్కువ.

అసలు తేడా గూటి దగ్గర ఉంది. పొమరైన్ గుడ్లు పెట్టేది రష్యా, అలాస్కా, కెనడాల ఉత్తర కొసన, చెట్లు మొలవని చలినేలల్లో. అక్కడ అది లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువును స్వయంగా వేటాడుతుంది. లెమ్మింగులు కరువైన ఏడాది గుడ్లే పెట్టదు.

ఆర్కిటిక్ స్కువా కూడా అటువైపు ఉంటుంది గానీ, స్కాట్లాండ్ దీవుల్లోనూ గూడు పెడుతుంది. అక్కడ ఇతర పక్షులు తెచ్చే శాండ్ ఈల్ అనే సన్నచేపను లాక్కుని పిల్లల్ని సాకుతుంది. ఆ చేప సముద్రంలో తగ్గిపోయింది. తెచ్చేవాడికే దొరకనప్పుడు లాక్కునేవాడికి ఏముంటుంది? 2000 తర్వాత బ్రిటన్‌లో ఈ పక్షులు సగానికి పైగా తగ్గిపోయాయి.

ఇది చదువుతుంటే వీసా అప్పు మీద నెలనెలా వడ్డీ గుంజే ఊరి పెద్దమనిషి ఎవరికైనా గుర్తొస్తే ఆ తప్పు మాది కాదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకుందాం. ఆ గూడు నిలబడింది మనం పట్టిన చేప మీదే.