సీసా మీది... భోజనం మాది!

1953లో 'దేవదాసు' వచ్చిన దగ్గర్నుంచీ మన తెరమీద సీసా కనిపించిందంటే ఎవరి గుండో పగిలిందన్నమాటే! ఇక పెళ్లిరోజు సీను సంగతి మీకు తెలిసిందే. ఆవిడ కొత్తచీర కట్టుకుని, పాయసం వండి, గుమ్మంలో ఎదురుచూస్తుంది. అయ్యగారు మర్చిపోయి అర్ధరాత్రికి వస్తారు. వెంటనే ఓ విషాద గీతం! ఈవారం నేను చెప్పబోయే కథలో పెళ్లిరోజూ ఉంది, సీసా కూడా ఉంది. పాట మాత్రం లేదు.

పోయినేడాది అమెరికా వెళ్లి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అక్కాబావల దగ్గర నెల్లాళ్లున్నాను. ఓక్‌ట్రీ రోడ్డులో చీరలకొట్లూ, మిఠాయికొట్లూ చూస్తే మనూరు వదిలి వచ్చినట్టే ఉండదు. కానీ ఇంట్లో వాతావరణం మాత్రం ఇంటర్వెల్ ముందు రీలులా ఉంది. బావ ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసావాళ్లకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు గడువు. ఆలోగా మరో కంపెనీ కాగితాలు పెట్టకపోతే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. గోడమీద కేలెండర్లో అక్క రోజుకో గీత గీసేది. 41వ గీత దగ్గర కొత్త కంపెనీ కాగితాలు పెట్టింది. ఆ మరుసటివారమే వాళ్ల పదో పెళ్లిరోజు!

"ఏమోయ్ బావమరిదీ, ఊళ్లో సినిమాలన్నీ ఎంచుతావు కదా, మాకో మంచి హోటలు ఎంచిపెట్టు" అన్నాడు బావ.

"టిప్పుతో సహా వంద డాలర్లు దాటితే నేను రాను" అంది అక్క.

పైగా ఇంకో షరతు. ఏడేళ్ల క్రితం బావ ఆఫీసులో ఎవరో ఇచ్చిన తెల్లవైన్ సీసా ఒకటి వంటింటి అలమర పైన ఉంది. మంచిరోజు చూసి తెరుద్దామని దాచారు. అది కూడా వెంట రావాలి!

సీసా వెంటబెట్టుకుని హోటలుకి పోవడమేమిటి, గెంటెయ్యరూ అనుకున్నాను. తీరా విచారిస్తే అక్కడ అది మామూలేనట! న్యూజెర్సీలో మందు అమ్మే హోటలు లైసెన్సులు జనాభాని బట్టి ఇస్తారు. 3,000 మందికి ఒకటి, అంతే. అంచేత చాలా ఊళ్లలో ఆ లైసెన్సు ధర లక్షల డాలర్లు పలుకుతుంది. చిన్న హోటలువాడు అంత ఎక్కడ తేగలడు? "మీ సీసా మీరే తెచ్చుకోండి" అంటాడు. వైన్, బీరు వరకే సుమండీ, విస్కీ పనికిరాదు. సీసా తెరిచినందుకు వాళ్లు రుసుము వసూలు చెయ్యకూడదని చట్టం. ఈ సదుపాయం ఉందని ప్రకటించుకోవడానికి కూడా వీల్లేకుండేది. 2018లో కోర్టు ఆ నిషేధం కొట్టేసింది. కొన్ని ఊళ్లలో మాత్రం సీసా తెచ్చుకోవడమే నిషేధం, కాబట్టి ముందు ఫోన్ చెయ్యడం మంచిది.

నేను నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. ఒకచోట లైసెన్సుంది. షాపులో 15 డాలర్ల సీసా అక్కడ 45! ఒకచోట శాకాహారం లేదు. ఇంకోచోట టేబుల్ లేదు. చివరికి పక్క ఊరు మెటుచెన్‌లో చిన్న ఇటాలియన్ హోటలు కుదిరింది. పాపతో సహా నలుగురం వెళ్లాం. అక్క తాగదు కాబట్టి కారు అక్కే నడిపింది.

వెయిటరు సీసా పుచ్చుకుని, ఎంతో మర్యాదగా బిరడా తిప్పాడు. అది కాస్తా పొడిపొడిగా రాలింది. గ్లాసులో పోస్తే కషాయం రంగు! బావ ఒక్క గుక్క తాగి, కన్ను మూశాడు. అక్క వాసన చూసి, "మూత తీసి నెల్లాళ్లు మరిచిపోయిన పచ్చడిలా ఉంది" అంది. అందరం ఒకటే నవ్వు! వెయిటరు కూడా నవ్వుతూనే చెప్పాడు. మామూలు తెల్లవైన్ రెండు మూడేళ్లలో తాగెయ్యాలట. పొయ్యి పైన వేడిలో నిలబెట్టి ఉంచితే బిరడా ఎండిపోతుందట.

నవ్వు ఆగాక అక్క మెల్లిగా అడిగింది. "ఏడేళ్లలో మనకి ఒక్క మంచిరోజూ రాలేదా అండీ?"

బావ కాసేపు మాట్లాడలేదు. "ఎందుకు రాలేదూ? పాప పుట్టింది. మీ నాన్న ఆపరేషనై లేచి తిరిగారు. ప్రతిసారీ ఇంతకన్నా మంచిరోజు వస్తుందేమో అనుకున్నాం."

అక్క కళ్లు తుడుచుకుని, "రెండు షాపుల అవతల వైన్ షాపుందటగా, వెళ్లి కొత్తది తెండి" అంది. బావ కుర్రాడిలా పరుగెత్తాడు!

బిల్లు 82 డాలర్లు, టిప్పుతో 98. బావ తెచ్చిన సీసా 15 డాలర్లు. అక్క లెక్కల్లో ఆ పదిహేనూ ఈనాటికీ ఎక్కలేదు.

అన్నట్టు మన ఊళ్లో 'వైన్స్' అన్న బోర్డు కింద వైన్ తప్ప అన్నీ అడుగుతారు. అది వేరే కథ. మీ ఇంట్లో అలమర పైన ఏముంది? సీసాయే కానక్కర్లేదు. కట్టని పట్టుచీర కావచ్చు, రాయని ఉత్తరం కావచ్చు. ఓసారి చూసుకోండి. వచ్చేవారం కలుద్దాం!