కాగితపు సేవ

డిగ్రీ విద్యార్థులకు సంఘసేవ నేడు పాఠ్యాంశమైనది. 2020-21 విద్యాసంవత్సరపు ప్రణాళిక ననుసరించి, ఆంధ్రప్రదేశమున ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరము ముగిసిన పిమ్మట 180 గంటలు గ్రామముననో పేటలోనో పనిచేసి నివేదిక సమర్పింపవలయును. ఏర్పాటు మంచిదే. కాని జరుగుచున్న దేమి? మే మెఱిగిన పెక్కు నివేదికలు జిరాక్సు దుకాణములలో పుట్టినవే. ఊరిపేరు మార్చినచో పాతప్రతియే క్రొత్తప్రతి. త్రొక్కని గడపలకు లెక్కలు, ఆడని మాటలకు సంతకములు! సేవ పేర మనము పిల్లలకు నేర్పుచున్నది అసత్యము.

“మార్కులకు చదువవలసినవాడు మురుగుకాలువ కొలుచుట యేల?” అని యడుగు తలిదండ్రులు కలరు. అయ్యా, మన గోదావరి మండలముల బ్రదుకంతయు ఆ కాలువలోనే యున్నది గదా! 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి నీరు తెచ్చుట యెంతయో, నిలిచిన నీటిని పంపుటయు నంతయే ముఖ్యమైనది. పూడికయు గుర్రపుడెక్కయు మురుగుదారి నడ్డగించిన, చేలు మునుగును. 2011లో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించినపుడు వారి మొఱలలో మురుగుకాలువల దుస్థితియు నొకటి. అట్టి కాలువ నొకదానిని మొదలునుండి తుదివఱకు నడచి, వెడల్పు లోతులు కొలిచి, ఏ చేను ఎన్నినాళ్లు మునుగునో రైతుల నడిగి వ్రాసిన బాలునికి గణితము, భూగోళము, అర్థశాస్త్రము, తెలుగు వ్యాసము ఒక్కతూరి పట్టుబడును. ఇద్దఱు రెండువిధముల చెప్పినచో మూడవవాని నడుగవలయును. వివేచన యనగా నిదియే. ఊడ్పుల కూలియమ్మ తనకంటె నెక్కువ యెఱుగునని గ్రహించిననాడు వాని యహంకారము కొంత కరగును. ఈ పాఠము మే మెన్నిగంటలు బోధించినను తరగతిలో నబ్బదు.

బలవంతపు సేవ సేవయే కాదని మఱికొందఱందురు. ఎక్కములు పిల్లవాడు కోరి నేర్చెనా? అలవాటు ముందు, అభిరుచి తరువాత.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు, పెద్దలు వెలివేయుదుమని బెదరింపగా, విద్యార్థు లనేకు లాయన ప్రక్కన నిలిచిరి. వారికి మార్కు లెవ్వరును వేయలేదు. చదివిన చదువు నిజమో కాదో ఆనాడు తేలినది.

మేము కోరునది స్వల్పము. ఉపాధ్యాయుడు ఒక్కనాడైనను పిల్లలతో ఊరు తిరుగవలయును. నివేదికను కళాశాలకు సమర్పించుటకు ముందు, ఎవరిని గూర్చి వ్రాసిరో వారి యెదుట, రచ్చబండకడ చదువవలయును. దొంగలెక్క అక్కడ నిలువదు. ఊరివారి కంటె కఠినుడైన పరీక్షకుడు లేడు. గృహస్థులారా! ఈ వేసవిలో మీ పిల్లవాని నెన్ని మార్కులు వచ్చినవని యడుగుటకు ముందు, ఎవరి అరుగుమీద కూర్చుంటివని యడుగుడు.