ఎనిమిది ఛానెళ్లు, ఒకే గడియారం

జంషెడ్‌పూర్‌లో ‘కన్వర్టర్’ అంటే ముందుగా గుర్తొచ్చేది ఉక్కు కర్మాగారమే. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్‌ను ఊది, అందులోని కర్బనాన్ని తగ్గించి ఉక్కుగా మార్చే పెద్ద పాత్రను అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. అదే ఊరికి మరో రకం కన్వర్టర్ అవసరం కూడా ఉంది. మైకులు పట్టిన శబ్దాన్ని కంప్యూటర్ దాచుకోగల అంకెలుగా మార్చే చిన్న పెట్టె అది. దాని పూర్తి పేరు అనలాగ్ టు డిజిటల్ ఆడియో కన్వర్టర్.

ఆ అవసరం ఊరి చరిత్రలోనే ఉంది. సాక్చి అనే చిన్న గ్రామం దగ్గర 1908లో ఉక్కు కర్మాగారం నిర్మాణం మొదలైంది. 1912లో తొలి ఉక్కు వచ్చింది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు పెట్టారు. పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని రామమందిరం ఆ తెలుగువారి ఉనికికి ఒక గుర్తు. తరాలు మారుతున్న కొద్దీ ఆ ఇళ్లలో హిందీ పెరిగి తెలుగు తగ్గడం సహజం. పెద్దవాళ్ల నోట మిగిలిన భజనలు, హరికథలు, పెళ్లి పాటలు, వలస నాటి జ్ఞాపకాలు ఇప్పుడు రికార్డు చేయకపోతే తర్వాత చేయడానికి ఉండవు. ఎనభై ఏళ్ల మనిషిని మరో టేక్ అడగడం ప్రతిసారీ కుదిరే పని కాదు.

అందుకే సాక్చిలో గానీ, మరే ఊళ్లో గానీ, ఒక సంఘమో పాఠశాలో చిన్న స్టూడియో పెట్టుకునేటప్పుడు డబ్బు దేనికి ఖర్చు పెట్టాలన్నది తేలిక ప్రశ్న కాదు. కన్వర్టర్ పెట్టె మీద రాసిన పెద్ద అంకెలకు ఇచ్చే విలువలో సగమైనా దాన్ని సరిగ్గా కుదర్చడానికి ఇవ్వడం లేదు. అమర్చే పద్ధతిలో పొరపాటు జరిగితే ఎంత ఖరీదైన పరికరమైనా పాటను కాపాడలేదు.

అంకెలు ఏం చెబుతాయి?

శబ్దం గాలిలో పీడనపు హెచ్చుతగ్గులు. మైకు వాటిని విద్యుత్ వోల్టేజీగా మారుస్తుంది. కన్వర్టర్ ఆ వోల్టేజీని సెకనుకు వేలసార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాస్తుంది. కర్మాగారంలో కరిగిన లోహం నుంచి నమూనా తీసి ప్రయోగశాలకు పంపినట్టే, ఇక్కడా ప్రతి కొలతనూ ‘శాంపిల్’ అంటారు. మనిషి చెవి దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఒక తరంగాన్ని లోపం లేకుండా తిరిగి గీయాలంటే అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. హ్యారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో స్పష్టం చేసిన సూత్రం ఇది. సీడీలకు 44,100, స్టూడియోలకు 48,000 అనే వేగాలు అలా వచ్చినవే.

రెండో అంకె బిట్లు. 16 బిట్లతో ఒక్కో కొలతను 65,536 మెట్లలో, 24 బిట్లతో 1,67,77,216 మెట్లలో రాయవచ్చు. ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున, అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం 16 బిట్లలో 96, 24 బిట్లలో 144 డెసిబెల్స్ అవుతుంది. ఇది కాగితం మీది లెక్క. పరికరాల లోపల ఉండే విద్యుత్ రొద వల్ల మంచి కన్వర్టర్లు కూడా 120 డెసిబెల్స్ దగ్గరే ఆగుతాయి. గది సంగతి చూస్తే ఆ అంకె కూడా ఎక్కువే. సీలింగ్ ఫ్యాన్ ఆపి, తలుపులన్నీ మూసినా మామూలు గదిలో 30 డెసిబెల్స్ శబ్దం మిగులుతుంది. మైకు దగ్గర గట్టిగా పాడితే 100 వరకు వెళుతుంది. మధ్య దూరం 70 మాత్రమే. అంటే గది కంటే కన్వర్టర్ ఎప్పుడో ముందుకు వెళ్లిపోయింది.

చరిత్ర చెప్పేది కూడా ఇదే. 1972లో జపాన్‌లో డెనాన్ సంస్థ తయారుచేసిన డిజిటల్ రికార్డర్‌లో 8 ఛానెళ్లు, 13 బిట్లు, సెకనుకు 47,250 శాంపిళ్లు ఉండేవి. ఇప్పటి చవక పరికరంతో పోల్చినా తక్కువే. అయినా దానితో చేసిన సంగీతం రికార్డులుగా అమ్ముడైంది. ఆ మెట్లను వాడినవాళ్లు వాటిని పూర్తిగా వాడుకున్నారు.

192 కిలోహెర్ట్జ్ మోజు

కొటేషన్లలో ముందుగా కళ్లకు కనిపించే అంకె 192 కిలోహెర్ట్జ్. ఎనిమిది ఛానెళ్లను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో రికార్డు చేస్తే గంటకు సుమారు 4.15 జీబీ అవుతుంది. అదే 192 దగ్గర 16.6 జీబీ. నిల్వ మాత్రమే సమస్య కాదు. రెండు పరికరాలను కలిపే ఆడాట్ ఆప్టికల్ కేబుల్ 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది ఛానెళ్లను మోస్తుంది. 96 దగ్గర నాలుగు, 192 దగ్గర రెండే మోస్తుంది. ఎనిమిది ఛానెళ్లని కొన్న పెట్టె పెద్ద అంకె మీద పెట్టగానే ఆ తీగ మీద రెండు ఛానెళ్లకు కుదించుకుపోతుంది. గాయకుడు, హార్మోనియం, మృదంగం, వయోలిన్, తాళాలు, వంత పాడేవాళ్లు అందరికీ విడివిడి మైకులు పెట్టాలనుకున్న రోజున ఈ సంగతి తెలిస్తే రికార్డింగే ఆగిపోతుంది.

ఎక్కువ వేగానికి విలువే లేదని కాదు. పాత క్యాసెట్లు, టేపులను భద్రపరిచే పనికి కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు ఉండాలనీ, 96 మరింత మంచిదనీ అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం ఐఏఎస్ఏ సూచిస్తుంది. అక్కడ అది సమంజసమే. కొత్తగా పాడేవాళ్లను రికార్డు చేసే చిన్న స్టూడియోకు మాత్రం 48, 24 చాలు. ఇప్పటి కన్వర్టర్లలో ఎక్కువ భాగం లోపల సెకనుకు లక్షలసార్లు కొలిచి, ఆ తర్వాతే 48,000కు కుదిస్తాయి. ఆ జాగ్రత్త చిప్‌లోనే ఉంది కాబట్టి దాని కోసం బయట మళ్లీ డబ్బు పెట్టనక్కర్లేదు.

అసలు పాడుచేసేవి మూడు

మొదటిది గడియారం. ప్రతి కన్వర్టర్‌లోనూ ఎప్పుడు కొలవాలో చెప్పే స్ఫటిక గడియారం ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. రెండింటి మధ్య పది లక్షలకు 20 భాగాల తేడా ఉందనుకుంటే, సెకనుకు దాదాపు ఒక శాంపిల్ అటో ఇటో జారుతుంది. డిజిటల్‌గా కలిపిన రెండు పెట్టెలు అలా ఎవరి గడియారాన్ని అవి నమ్ముకుంటే పాట మధ్య ‘టిక్’మనే చప్పుళ్లు వస్తాయి. రెండూ వేరువేరుగా రికార్డు చేస్తే గంట తర్వాత మృదంగానికీ గొంతుకూ మధ్య 72 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. తాళం తెలిసిన చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. మందు చాలా తేలిక. ఒక పెట్టెను పెద్దగా నియమించి, మిగతావాటిని దాని గడియారానికి కట్టేయాలి. ప్రత్యేక వర్డ్ క్లాక్ కేబుల్ వాడితే వరుసలో చివరి పరికరం దగ్గర 75 ఓమ్‌ల టెర్మినేషన్ ఉందో లేదో చూడాలి. వేగం ఒక చోట 48, మరో చోట 44.1 అని ఉంటే ఇంకో ప్రమాదం. 48లో రికార్డయిన పాటను 44.1గా ప్లే చేస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది, గంట పాట 65 నిమిషాలకు సాగుతుంది.

రెండోది స్థాయి. పాత టేపు మీద శబ్దం కాస్త మించినా మెత్తగా చెదిరేది. డిజిటల్‌లో సున్నా గీత దాటిన అల పైభాగం తెగిపోతుంది, మళ్లీ రాదు. అయినా ‘మీటర్ నిండుగా ఉండాలి’ అన్న టేపుల కాలపు అలవాటు ఇంకా పోలేదు. 24 బిట్లలో గీతకు 12 డెసిబెల్స్ కింద ఆగినా పోయేది రెండు బిట్లే. గది రొద ముందు అది లెక్కలోకి రాదు. ఇక చాలా బహుళ ఛానెల్ కన్వర్టర్లు లైన్ స్థాయినే తీసుకుంటాయి. మైకు ఇచ్చే కొద్ది మిల్లీవోల్టులను పెంచడానికి ముందు ప్రీ-ఆంప్ కావాలి. ఈ సంగతి కొన్న తర్వాత తెలుసుకోవడం ఖరీదైన పాఠం.

మూడోది ఎర్తింగ్. రెండు పరికరాలు వేరువేరు సాకెట్ల నుంచి కరెంటు తీసుకుంటూ ఆడియో తీగతో కలిసినప్పుడు ఎర్త్ మార్గం వలయంగా మారి 50 హెర్ట్జ్ ‘భూం’ అన్న హోరు రికార్డులోకి చేరుతుంది. దానికి కొందరు చేసే చిట్కా ప్లగ్‌లోని మూడో పిన్నును తీసేయడం. హోరు తగ్గుతుంది, దానితోపాటు ప్రాణాలకు ఉన్న రక్షణా పోతుంది. పరికరంలో లోపం వచ్చి కరెంటు బయటి లోహపు పెట్టెకు తాకితే ఆ ఎర్త్ తీగే ఫ్యూజు పోయేలా చేసి మనిషిని కాపాడుతుంది. అది లేనప్పుడు మైకు పట్టుకున్న పెదవులకే షాక్ తగలవచ్చు. పరికరాలన్నిటికీ ఒకే మంచి ఎర్త్ ఉన్న సాకెట్ల వరుస నుంచి కరెంటు ఇవ్వడం, బ్యాలెన్స్‌డ్ తీగలు వాడటం, ఆడియో తీగలను పవర్ తీగల పక్కన పరచకుండా అడ్డంగా దాటించడం సరైన దారి. ఇందుకు కావలసింది ఒక నమ్మకమైన ఎలక్ట్రీషియన్, ఒక పూట సమయం.

పెట్టెతోపాటు పరీక్ష కూడా కొనాలి

ఈ మూడు లోపాలూ కొటేషన్‌లో కనిపించవు. అందుకే ప్రజల డబ్బుతోనో, కంపెనీల సామాజిక బాధ్యత నిధులతోనో, చందాలతోనో స్టూడియో పెట్టేవాళ్లు పరికరం చేతికి రాగానే బిల్లు చెల్లించకూడదు. నాలుగు పరీక్షలు అయ్యాకే చెల్లించాలి. మైకులన్నీ తెరిచి, గదిలో ఎవరూ లేకుండా పది నిమిషాలు నిశ్శబ్దాన్ని రికార్డు చేసి ఏ ఛానెల్లో హోరు ఉందో వినాలి. ఒకే 1,000 హెర్ట్జ్ నాదాన్ని ఎనిమిది ఛానెళ్లకూ పంపి మీటర్లు ఒకే చోట నిలుస్తున్నాయో చూడాలి. ఒకే చప్పట్ల శబ్దాన్ని అన్నింటికీ పంచి అలలు ఒకే క్షణంలో లేస్తున్నాయో పోల్చాలి. చివరగా గంటసేపు ఆపకుండా నడిపి ‘టిక్’లు ఉన్నాయేమో వినాలి. ఏ కేబుల్ ఎక్కడిది, ఏ పెట్టె గడియారం పెద్దది, ఏ వేగం పెట్టారు అన్న వివరాలు ఒక నోటు పుస్తకంలో రాసి స్టూడియోలోనే ఉంచాలి. అమర్చినవాళ్లు ఊరు వదిలి వెళ్లినా ఆ పుస్తకం ఉంటుంది.

దీనికి ఎదురయ్యే వాదన ఒకటే: చిన్న సంఘాలకు ఇంత శ్రమ పడే మనిషి ఎక్కడ దొరుకుతాడు? నిజమే. ఆ మనిషిని తయారు చేయడానికే ఖర్చు పెట్టాలి. 192 కిలోహెర్ట్జ్ పెట్టెకూ 48 కిలోహెర్ట్జ్ పెట్టెకూ ఉండే ధర తేడాను ఇద్దరు యువకులకు కొద్ది రోజుల శిక్షణ ఇప్పించడానికి వాడవచ్చు. కొలతలు, ఎర్తింగ్, యంత్రాల క్రమశిక్షణ తెలిసిన కార్మిక కుటుంబాల ఊరికి ఇది కొత్త విద్య కాదు. కర్మాగారంలో నమూనా సరిగ్గా తీయకుండా ఉక్కు నాణ్యత గురించి ఎవరూ మాట్లాడరు. స్టూడియోలోనూ అదే పట్టుదల చూపించాలి. బామ్మ మైకు ముందు కూర్చోకముందే గడియారం, స్థాయి, ఎర్త్ మూడూ కుదిరి ఉండాలి.