పిచ్చిమొక్కలట!

మా విజయపురి సౌత్‌లో వానాకాలం వచ్చిందంటే రెండు పనులు తప్పవు. ఒకటి, జలాశయంలోకి నీరెంత చేరిందో పొద్దున్నే వాకబు చేయడం. రెండవది, పెరట్లో మొలిచిన 'పిచ్చిమొక్కల్ని' పీకించడమో, మందు కొట్టించడమో. మొదటిదానితో నాకు తగవు లేదు. రెండవదాని మీద చాన్నాళ్ళుగా పేరుకున్న కోపాన్ని ఈ టపాలో వెళ్ళగక్కుతున్నాను. మిత్రులు మన్నించాలి, మన్నించకపోయినా చదవాలి.

మా ఇంటి వెనుక పది సెంట్ల ఖాళీ జాగా ఉంది. అచ్చమైన నల్లరేగడి. వానకు జిగురై కాలి చెప్పును ఊడబెరుకుతుంది; ఎండకు అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. నాలుగేళ్ళ క్రితం దాన్ని పూలబీడుగా పెంచుతానంటే విన్నవారందరిదీ ఒకటే సలహా: "రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించండి, ఇసుక కలపండి, పశువుల ఎరువు దట్టంగా వేయండి."

మూడూ తప్పే. రేగడిలో కాస్త ఇసుక కలిపితే అది గుల్లబారదు, మరింత బిగుసుకుంటుంది. దాని స్వభావం మారేంత ఇసుక పోయాలంటే ఆ జాగాలో మట్టికన్నా ఇసుకే ఎక్కువవుతుంది. ఎర్రమట్టి అంటే మరో ఊరి గుట్టను తవ్వి తెచ్చినదే కదా. ఒకచోటి బీడును చంపి ఇంకొకచోట బీడు పెంచడం ఏ న్యాయం? ఇక ఎరువు సంగతి. బలమైన నేలలో ముందు బలిసేది ముతకగడ్డి. అది చిన్న పూలమొక్కల నెత్తినెక్కి కూర్చుంటుంది. ఇంగ్లండు, వేల్సులలో 1930ల తరువాత పూలబయళ్ళలో దాదాపు 97 శాతం పోయాయని అక్కడివారే లెక్క చెప్పుకుంటున్నారు. ఆ నష్టానికి దున్నకంతో పాటు ఎరువులూ ఒక కారణమే. ఇప్పుడు వాటిని తిరిగి పెంచదలచినవాళ్ళు సారవంతమైన పైమట్టిని చెక్కి పారేస్తున్నారు. మనమేమో కొని పోసుకుంటున్నాం!

రేగడి మీద మనకింత చులకన ఎందుకు? నాకు తోచిన కారణం ఒకటుంది. మాది ఆనకట్టతో పాటు పుట్టిన ఊరు. నీటికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఈ మట్టి గోడల్ని చీలుస్తుంది కాబట్టి, ఇల్లు కట్టేవాడు దాన్ని తవ్వి తీసి మొరం నింపుతాడు. సబబే. కానీ పునాదికి పనికిరాని మట్టి పువ్వుకూ పనికిరాదని ఎవరు తేల్చారు? ఆ ఉబ్బే గుణమే పువ్వుకు మేలు. వేసవిలో విచ్చిన నెర్రెల్లోకి పైమట్టి, ఆకు, విత్తనం జారిపడతాయి. వానకు నేల ఉబ్బి నెర్రె మూసుకుంటుంది. రేగడి తనను తానే దున్నుకుంటుందని ఊరికే అనలేదు.

మొదటి ఏడు నేనేమీ చల్లలేదు. నీరు నిలవకుండా వాలు వెంబడి జానెడు లోతు కాలువలు మాత్రం తీయించాను. తొలకరికి ఆరుద్ర పురుగులతో పాటు గరిక, ఉత్తరేణి, తుమ్మి, వెంపలి, నేలకంటుకుని నీలిపూల విష్ణుక్రాంతం వచ్చాయి. మరుసటి ఏడు మాచర్ల దారిపక్కన దూసుకొచ్చిన గునుగు గింజలు చల్లాను. తంగేడు గింజ తోలు గట్టిది, గరుకురాయి మీద రుద్ది వేయాలి. మట్టి తడిగా ఉన్నప్పుడు అందులో కాలు పెట్టకూడదు. పదును చూసి దిగాలి. మార్గశిరంలో, గింజ రాలిన తరువాత, కొడవలితో బెత్తెడు ఎత్తున కోసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ఆ చెత్తనంతా బయట పారేయాలి. అక్కడే కుళ్ళనిస్తే నేలకు బలమొచ్చి మళ్ళీ ముతకగడ్డిదే రాజ్యం. సేద్యమంతా ఇంతే.

అన్నిటినీ బతకనిస్తానని కాదు. 1950లలో పుణె పరిసరాల్లో కనబడి దేశమంతా కమ్ముకున్న వయ్యారిభామను పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో పీకుతాను. పరదేశిదని కాదు; గడ్డిచేమంతిదీ అమెరికా ఖండమే, దాని జోలికి నేను పోను. పక్క మొక్కను బతకనిస్తుందా లేదా అన్నదే నా పరీక్ష. ఆ లెక్కన కలుపుమందు డబ్బాకన్నా పెద్ద కలుపు లేదు.

పాములొస్తాయంటారు. ఇంటి చుట్టూ రెండు బారల మేర గడ్డి కురచగా కోసి ఉంచండి; ఎలుకల్ని పిలిచే ఎంగిలిచెత్తను ముందు ఎత్తిపోయండి. దోమలంటారు. దోమ గుడ్డు పెట్టేది నిలవనీటిలో, తుమ్మిపువ్వులో కాదు.

అసలు రోగం మన మాటలో ఉంది. రైతు తన చేలో 'కలుపు' అంటే అర్థముంది. అది అతని కూటికి అడ్డం. చేను లేనివాడికి కలుపెక్కడిది? కేంద్రప్రభుత్వం 2019లో వెలువరించిన వేస్ట్‌లాండ్స్ అట్లాస్‌లో పొదలున్న బయళ్ళు సైతం వృథాభూముల పద్దులోనే ఉన్నాయి. ఆనకట్టకు అవతలి గట్టున తంగేడు 2014 నుంచి రాష్ట్రపుష్పం, గునుగుతో కలిసి బతుకమ్మ. ఇవతలి గట్టున అదే తంగేడుకు పలుగుదెబ్బ!

ఇంత కోపం నాకెక్కడిదో కూడా చెప్పాలి. ఏటా వినాయకచవితి ముందురోజు ఒక ముసలమ్మ పత్రి ఏరుకోవడానికి మా దొడ్డికి వచ్చేది. ఆకు తుంచుతూ ఒక్కొక్కదాని పేరూ గొణుక్కునేది. ఒక ఏడు ఆమె వచ్చేసరికి దొడ్డంతా పసుపుపచ్చగా మాడి ఉంది. మందు కొట్టించినవాణ్ణి నేనే. "ఏం నాయనా, విష్ణుక్రాంతం కూడా నీకు అడ్డమొచ్చిందా?" అని ఖాళీ బుట్టతో వెళ్ళిపోయింది. మరి రాలేదు.

ఇప్పుడు దొడ్లో విష్ణుక్రాంతం విరగబూస్తోంది. దాని పక్కనే చిన్న ఊదాపూల తీగ ఒకటి పాకుతోంది. ఆమె దాన్నేదో పేరుతో పిలిచేది. నేను రాసుకోలేదు. పుస్తకాలు వెతికితే దాని లాటిన్ పేరు దొరకవచ్చు. ఆమె పిలిచిన పేరు మాత్రం దొరకదు.

కాబట్టి మిత్రులారా, ఈ వానాకాలం మీ ఊళ్ళో ఏ పెద్దమ్మనో వెంటబెట్టుకుని ఒక బీడు చుట్టిరండి. ఆమె చెప్పిన పేర్లన్నీ రాసుకోండి. పీకడమా మానడమా అన్నది ఆ తరువాత మాట్లాడుకుందాం. పేరు తెలిసినదాన్ని పిచ్చిమొక్క అనడానికి నోరు రాదని నా నమ్మకం.