తడలో ఫారం మేనేజరు ఎవరవుతారు?

తడ అనగానే ఉద్యోగాల మాట శ్రీసిటీ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. పొద్దున్నే కదిలే షిఫ్టు బస్సుల వెనక మరో ఉద్యోగ రంగం ఉంది. అది పులికాట్ సరస్సు చుట్టుపక్కల రొయ్యల చెరువులు, వరి పొలాలు, తోటలు. అక్కడ కూలీలూ ఉంటారు, వాళ్ల మీద ఫారం మేనేజరూ ఉంటాడు. వ్యవసాయ డిప్లొమా చదివిన దళిత విద్యార్థికి ఆ కుర్చీ దక్కుతుందా? మేం అడుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

మేనేజరు చేసే పనేమిటో ముందు చూద్దాం. చెరువులో సీడు ఎప్పుడు వదలాలి, మేత ఎంత వేయాలి, ఏరేటర్లు ఏ వేళకు తిప్పాలి, పట్టుబడికి ఎప్పుడు దిగాలి అన్నవి తేల్చడం, కూలీల లెక్క రాయడం. ఇందులో చివరిది తప్ప మిగతావన్నీ ఏళ్ల తరబడి చెరువు గట్టు మీదే ఉన్న కాపలా మనిషికి తెలుసు. నీటి రంగు చూసి జబ్బు పసిగట్టేది ఆయనే. అయినా ఆయన్ని పనివాడనే అంటారు, లెక్క రాసేవాణ్నే మేనేజరంటారు. పొలంలోనూ అంతే. మడికి నీళ్లు ఎప్పుడు కట్టాలో తెలిసినవాడు పాలేరు, డబ్బు చేతిలో ఉన్నవాడు ఆసామి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సేద్యం మీద బతికే దళితుల్లో దాదాపు 71 శాతం మంది కూలీలే.

చదువుకుంటే ఈ గీత చెరుగుతుందనుకున్నాం. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. అగ్రిసెట్ రాసి బీఎస్సీకి వెళ్లొచ్చు. తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల 1961 నుంచి నడుస్తోంది. సీట్లలో రిజర్వేషన్ ఉంది. గ్రామ వ్యవసాయ సహాయకుల వంటి ప్రభుత్వ పోస్టుల్లోనూ ఉంది. ప్రైవేటు ఫారాల్లో మాత్రం లేదు. రాజ్యాంగంలోని 15(5) ప్రైవేటు కళాశాల గేటు తెరిచింది గానీ, 16(4) ప్రభుత్వ కొలువు దాటి రాలేదు. పైగా ఇలాంటి ఉద్యోగాలకు ప్రకటనలు అరుదు. ‘మనవాడెవడైనా ఉన్నాడా’ అన్న మాట మీదే నియామకం అయిపోతుంది. ఆ ‘మన’లో మనం లేం.

అంటే తండ్రికి అనుభవం ఉంది, దానికి కాగితం లేదు. బిడ్డకు కాగితం ఉంది, పరిచయం లేదు.

కాగితం లేకపోతే ఏం పోతుందో పులికాట్ చరిత్రే చెబుతుంది. తంజావూరు ప్రాంతంలో భూమిలేని దళితుల కోసం పనిచేసిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపు రొయ్యల ఫారాలు తొలగించాలంది. ఉపాధి పోయే కార్మికులకు చట్టప్రకారం పరిహారంతో పాటు ఆరేళ్ల వేతనం అదనంగా ఇవ్వాలంది. అయితే కనీసం ఏడాది నిరంతరంగా పనిచేసి ఉండాలని షరతు. హాజరు పట్టీలో పేరే లేని కాపలాదారు ఆ ఏడాదిని ఎలా రుజువు చేసుకోవాలి? ఆ తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, రిజిస్ట్రేషన్‌తో సాగుకు దారి ఇచ్చింది. చెరువు రిజిస్టరులోకి ఎక్కింది. అందులో దిగే మనిషి మాత్రం ఎక్కలేదు.

ఇప్పుడు లేబర్ కోడ్‌లు వచ్చాయి. 2025 నవంబరు 21 నుంచి నియామక పత్రం తప్పనిసరి అంటున్నారు. వృత్తి భద్రత కోడ్ ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. నలుగురైదుగురితో నడిచే చెరువుల సంగతేమిటి?

సొంతంగా నిలబడే దారీ ఒకటుంది. 2002లో మొదలైన అగ్రి క్లినిక్స్ పథకం కింద వ్యవసాయ పట్టభద్రులకు, డిప్లొమా వాళ్లకు 45 రోజుల శిక్షణ ఇస్తారు. బ్యాంకు రుణంపై ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 44 శాతం సబ్సిడీ ఉంది, ఇతరులకు 36 శాతం. కానీ సబ్సిడీ రావాలంటే ముందు బ్యాంకు రుణం ఇవ్వాలి. పట్టా లేని ఇంటికి అక్కడే అడుగు ఆగుతుంది.

అందుకే మా డిమాండ్లు మూడు. ఆక్వా రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు పనివాళ్ల జాబితా, నియామక పత్రాలు అడగాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వానుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ పద్ధతి ఉంది, దాన్ని తడ చెరువు గట్ల దాకా తేవాలి. ప్రభుత్వ రాయితీలు తీసుకునే ఫారాలు మేనేజరు, సూపర్‌వైజరు ఖాళీలను బహిరంగంగా ప్రకటించాలి.

విద్యార్థులకు ఒక మాట. ఈ సెలవుల్లో మీ ఊళ్లో చెరువు మీద, తోటలో పనిచేసేవాళ్ల దగ్గర కూర్చోండి. ఎన్నేళ్లు చేశారు, ఏం తెలుసు, ఎంత ఇస్తున్నారు అని అడిగి రాసుకోండి. ఆ జాబితాతో తహసీల్దారు కార్యాలయానికి వెళ్దాం. వాళ్ల పేర్లు కాగితం మీదికి ఎక్కడం అక్కడి నుంచే మొదలుకావాలి.