యువత లైంగిక ఆరోగ్యం: ఫోన్ దాకా వచ్చిన సేవ.. గోప్యత దగ్గర ఆగుతోంది

కౌమారుల లైంగిక ఆరోగ్యంపై ప్రభుత్వ విధానం ఒక మాట చెబుతుంటే, చట్టాలు మరో మాట చెబుతున్నాయి. 10 నుంచి 19 ఏళ్ల వయసువారి కోసం కేంద్రం 2014 జనవరిలో ‘రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం’ ప్రారంభించింది. లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం అందులోని ప్రధానాంశాల్లో ఒకటి. ఎదురుగా కూర్చుని అడగడానికి సంకోచించే పిల్లల కోసం 2017లో ‘సాథియా సలాహ్’ మొబైల్ యాప్‌ను, దానికి తోడు ఒక టోల్‌ఫ్రీ నంబరును తీసుకొచ్చింది. మీరు అడగండి, మేం చెబుతాం అన్నది వాటి సారాంశం. అయితే 17 ఏళ్ల అమ్మాయి ఒకరు నిజంగానే అడిగితే ఏమవుతుంది?

ముందుగా టెలిమెడిసిన్ సంగతి. 2020 మార్చి 25న వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, ఫోన్‌లోనో వీడియోలోనో డాక్టరును సంప్రదించే రోగి మైనరైతే పక్కన పెద్దవారు ఒకరు ఉండాలి. వారెవరో డాక్టరు నిర్ధారించుకోవాలి. జ్వరానికీ దగ్గుకూ ఇది సబబే. నెల తప్పిందన్న భయంతో ఉన్న అమ్మాయికి మాత్రం, ఎవరికి తెలియకూడదనుకుంటోందో వారినే పక్కన కూర్చోబెట్టుకోమని చెప్పినట్టవుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు పోక్సో చట్టంతో. 2012 నాటి ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండని వారందరూ బాలలే. వారి సమ్మతికి చట్టంలో విలువ లేదు. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలని సెక్షన్ 19 చెబుతోంది. తెలియజేయకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. ‘ఎవరైనా’ అన్న మాటలో డాక్టర్లే కాదు, హెల్ప్‌లైన్‌లో ఫోనెత్తే కౌన్సెలర్లూ ఉన్నారు. భార్య వయసు 18 ఏళ్లలోపు ఉంటే ఆమెతో లైంగిక సంబంధం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, చిన్న వయసులో పెళ్లయి గర్భం దాల్చిన అమ్మాయికీ ఇదే వర్తిస్తుంది.

2022 సెప్టెంబరు 29న గర్భస్రావ హక్కుపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కొంత ఊరట కల్పించింది. మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని చెప్పింది. అంటే సమాచారం ఇవ్వక తప్పదు, సంరక్షకులకు తెలియకా తప్పదు. అసలు ఈ నిబంధనే వద్దని ఎవరూ అనలేరు. ఇంట్లోనో బడిలోనో పెద్దల అఘాయిత్యానికి బలైన పిల్లలకు అదే రక్ష. కానీ ఈడువాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్నీ, అఘాయిత్యాన్నీ ఒకే గాటన కట్టడంతో రెండో కోవ పిల్లలకు కావలసిన రక్షణ మొదటి కోవ పిల్లలను వైద్యానికి దూరం చేస్తోంది. డిజిటల్ సేవల్లో ఈ భయం ఇంకా ఎక్కువ. గదిలో చెప్పుకున్న మాట గాలిలో కలిసిపోవచ్చు, చాట్‌లో రాసింది సర్వర్‌లో ఉండిపోతుంది.

ఇక ఆ ఫోన్ ఎవరిదన్నది మరో ప్రశ్న. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. ఇంటర్నెట్‌ను ఎప్పుడైనా వాడిన మహిళలు 33.3 శాతం కాగా, పురుషులు 57.1 శాతం. తెలంగాణ మహిళల్లో ఇది 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులు లేదా గర్భిణులు. జాతీయ సగటు 6.8 శాతం. అవసరం ఎక్కువగా ఉన్న చోటే సాధనం తక్కువగా ఉంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయినా అన్న చేతికో అమ్మ చేతికో వెళ్లే ఫోన్‌లో వెతికిన విషయాల చరిత్ర కూడా వారి చేతికే వెళుతుంది.

భాష అడ్డంకి గురించి విధాన పత్రాలు పెద్దగా మాట్లాడవు. పాపులేషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా రూపొందించిన ‘స్నేహ్‌ఏఐ’ చాట్‌బాట్ హింగ్లిష్‌లో మాట్లాడుతుంది. ఉత్తరాది యువత ఫోన్‌లో రాసే భాషను ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి మనం ‘యోని స్రావం’ అని అనువదిస్తాం. అమ్మాయి ‘తెల్లబట్ట అవుతోంది’ అంటుంది. ‘లైంగిక సంక్రమణ వ్యాధులు’ అనే సమాసం గోడమీది పోస్టరులో తప్ప మాటల్లో వినపడదు. పాతమాట ‘సుఖవ్యాధులు’ అందరికీ అర్థమవుతుంది గానీ, పేరులోనే తీర్పు ఉంది: సుఖపడ్డావు, అనుభవించు అన్నట్టు. అనువాదాల్లో ఆ మాట రాయడం నేను మానేశాను. బదులుగా పెట్టే మాట ఎందరికి అందుతోందన్న అనుమానం మాత్రం పోలేదు. ‘సెగ’, ‘సవాయి’ లాంటి మాటలను, రోమన్ లిపిలో వంకరటింకరగా టైపు చేసిన తెలుగును అర్థం చేసుకోని చాట్‌బాట్ ఎంత తెలివైనదైనా ఈ అమ్మాయికి పరాయిదే.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 మరో తలుపు. 18 ఏళ్లలోపువారి డేటాను వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని సెక్షన్ 9 చెబుతోంది. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ఆసుపత్రులకు, వైద్య సిబ్బందికి పిల్లల ఆరోగ్య రక్షణకు అవసరమైనంత మేరకు ఇందులో మినహాయింపునిచ్చాయి. స్వచ్ఛంద సంస్థలు నడిపే చాట్‌బాట్లు, సలహా యాప్‌లు ఆ నిర్వచనంలోకి వస్తాయని స్పష్టంగా ఎక్కడా లేదు. రావనుకుంటే, గర్భనిరోధకాల గురించి అడగాలనుకున్న పిల్ల ముందు నాన్న అనుమతి అడగాలి. పేరూ నంబరూ నమోదు చేయకుండానే జవాబిచ్చే సేవలకు ఈ చిక్కు తక్కువ. యాప్‌లు రూపొందించేవారు మొదట ఆలోచించాల్సింది అదే. ప్రభుత్వమూ ఎన్ని డౌన్‌లోడ్లు అయ్యాయన్న లెక్కతో ఆగకుండా, అడిగినవారిలో ఎందరు క్లినిక్ దాకా చేరారో చూడాలి.

చట్టంలోని ఈ సమ్మతి నిబంధనలు 2027 మేలో అమల్లోకి రానున్నాయి. మినహాయింపుల జాబితాను సవరించి, కౌన్సెలింగ్ సేవలను అందులో స్పష్టంగా చేర్చడానికి కేంద్రానికి ఉన్న గడువు అదే.