నగరం మంట మన చేలకు రాకముందే

2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపు పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే కాలిపోయారు. లేచి ఉరికినవాళ్లు దారిలో కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయినయి. టీకొట్టులో పొయ్యి వెలిగించబట్టే మంట అంటుకుందని అప్పట్లో అంతా చెప్పుకున్నారు. చూడండి, నేరం చివరికి ఎవరి మీదికొచ్చిందో! పొద్దున్నే పొయ్యి ముట్టించుకుని బతికేవాడి మీదికి.

అసలు నేరం పైపు లోపల ఉంది. అది పొడి గ్యాసు కోసం వేసిన పైపు. అందులో నీటితడి ఉన్న గ్యాసు పంపారు. తడికి బొగ్గుపులుసు వాయువు తోడైతే ఇనుమును తినేస్తుంది. పైకి బాగానే కనపడుతుంది, లోపల పలచబడిపోతుంది. ఆ తడి తీసే యంత్రం పెట్టనే లేదు. ఇది మేం కల్పించిన మాట కాదు, కేంద్ర చమురు శాఖ విచారణలో తేలిన మాట. వాసన వస్తన్నదని ముందే మొత్తుకున్నామని ఊరివాళ్లు చెప్పారు. ఆ మొత్తుకోలు ఏ రిజిస్టరులో రాశారు?

(ఆ ప్రాంతం ఇప్పుడు అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరు మీద కోపంతో 2022 మేలో అమలాపురంలో మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. పైపులు సరిగా చూడండని అంత ఆవేశపడ్డవాళ్లను మాత్రం మేం చూడలేదు.)

పైపును పరీక్షించే పద్ధతులు లేక కాదు. పిగ్ అనే యంత్రాన్ని గ్యాసు ఒత్తిడితోనే పైపులో తోలితే ఎక్కడ తుప్పుపట్టిందో, ఎక్కడ గోడ పలచబడిందో పట్టుకొస్తుంది. బయటి తుప్పు ఆపటానికి పైపుకు కొద్దిపాటి కరెంటు పెట్టి, అక్కడక్కడా దిమ్మెల కాడ కొలుస్తారు. ఇవిగాక పైపు వెంబడి రోజూ నడిచే మనిషి ఉంటాడు. ఎండలో కర్ర పట్టుకుని నడిచే కాంట్రాక్టు కూలీ. అతను చూసింది చెబితే ఆఫీసులో వినే చెవి ఉండాలి గదా.

గోదావరి సంగతి గుంటూరు, ప్రకాశం వాళ్లకెందుకు అంటారేమో. మన నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, కింద ఉన్నదాన్ని గుంజుతుంది. పైపు మీద చెట్టు ఉండదు కాబట్టి మిరపకాయలు ఆరబొయ్యటానికి అనువుగా కనపడుతుంది. కూలీలు అక్కడే పొయ్యి పెడతారు. పక్కనే పత్తికట్టె తగలబెడతారు. జేసీబీతో కుంట తవ్వుతారు.

పైపు వేసేముందు 1962 చట్టం కింద నోటిఫికేషన్ వస్తుంది. భూమి మనదే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం వాళ్లకు పోతుంది. దానికి ఇచ్చేది మార్కెట్ ధరలో 10 శాతం. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. అభ్యంతరం చెప్పటానికి గడువు 21 రోజులు. నోటీసు పట్టాదారు ఇంటికి పోతుంది. కౌలుకు చేసే మాదిగ రైతు సంగతేంది? డి-పట్టా చెక్కలో మిరప వేసిన మాల ఆడమనిషి సంగతేంది? పంట ఎవరిదైతే నష్టం డబ్బు వాళ్లదే. ఆ 21 రోజుల్లోనే రాతమూలకంగా అడగండి. పైపు మన పల్లెకు ఎన్ని గజాల దూరంలో పోతున్నదో కూడా అదే కాగితంలో అడగండి.

వంటగ్యాసుకు కంపు కావాలని కలుపుతారు. పెద్ద పైపుల్లో చాలాచోట్ల కలపరు. అందుకని ముక్కునొక్కదాన్నే నమ్ముకోవద్దు. బుస్సుమనే చప్పుడు, నిలవనీళ్లలో బుడగలు, పచ్చని చేలో కారణం లేకుండా మాడిన చెక్క కనపడితే బీడీ ముట్టించొద్దు, మోటారు వెయ్యొద్దు. గాలికి ఎదురుగా దూరం పోయి ఫోను చెయ్యండి. తర్వాత ఫిర్యాదు రాసి, ముద్ర వేయించుకున్న నకలు దాచండి.

మీ పొలంలో పైపు దిమ్మె ఉంటే దాని మీది ఫోను నంబరు ఈ వారంలోనే పల్లెలో అంబేద్కర్ విగ్రహం కాడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. చదువురాని అమ్మలకు బడిపిల్లలు చదివి చెబుతారు.